నాన్న పోయి 12 ఏళ్ళయినా తలుపు చప్పుడుకు గుండె దడ ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ వయసు 36. చిన్నప్పుడు మీ నాన్నగారు దాదాపు రోజూ తాగి వచ్చి అమ్మగారిని కొట్టేవారు. జీతం తాగుడుకే పోవడంతో పస్తులు పడుకున్న రాత్రులూ ఉన్నాయి. ఆయన పోయి 12 ఏళ్ళయింది. ఇప్పుడు ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు, బయటికి ఏ లోటూ లేదు. అయినా రాత్రిపూట ఎక్కడైనా తలుపు గట్టిగా పడితే గుండె దడదడలాడి చేతులు చల్లబడతాయి, మేనేజరు ‘ఒకసారి రండి’ అంటే కడుపులో తిప్పుతుంది, తెల్లవారుజామున 3 గంటలకు మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. మీరు అడిగినవి మూడు: దీనికీ నా చిన్నతనానికీ సంబంధం ఉందా? మొక్కై వంగనిది మానై వంగదంటారు కదా, ఇక ఇది మారదా? నా పిల్లలకూ ఇది వస్తుందా?

సైకియాట్రిస్టుగా 24 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మీలాంటివారు నా దగ్గరకు వచ్చేది చివరగానే. ముందు గుండె డాక్టరు దగ్గరకు, తర్వాత గ్యాస్ డాక్టరు దగ్గరకు వెళ్ళి, ‘టెన్షన్ తగ్గించుకోండి’ అన్న మాట నలుగురి నోటా విని, ఫైలు నిండా నార్మల్ రిపోర్టులతో వస్తారు.

సూటిగా చెప్పాలంటే, సంబంధం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మార్పు సాధ్యమే. పిల్లలకు రావాలన్న నియమం ఏమీ లేదు. ఆ ఇంట్లో, ఆ వయసులో నెగ్గుకురావడానికి ఏది అవసరమో దాన్ని మీ శరీరం శ్రద్ధగా నేర్చుకుంది. పరిస్థితి మారిందన్న కబురు మీ బుద్ధికి చేరింది గానీ మీ ఒంటికి ఇంకా పూర్తిగా చేరలేదు. చెబితే వినే అలవాటు ఒంటికి లేదు, అనుభవిస్తేనే అది నమ్ముతుంది.

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరంలో రెండు ఏర్పాట్లు కదులుతాయి. మొదటిది నరాల దారి, ఇది క్షణాల్లో పనిచేస్తుంది. మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి వెళ్ళే రక్తం తగ్గి కండరాల వైపు మళ్ళుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. మీ చేతులు చల్లబడటానికీ కడుపులో తిప్పడానికీ కారణం ఇదే. రెండోది హార్మోన్ల దారి, కొంచెం నెమ్మది. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ మళ్ళీ అడ్రినల్ గ్రంథులకు కబురు పంపితే కార్టిసాల్ తయారవుతుంది. అది రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే తలుపు చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు మీ ఒళ్ళు కుదుటపడదు.

ఈ రెండో దారిలో కీలకమంతా అది ఎలా ఆగుతుందన్న దానిలో ఉంది. డాబా మీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూడండి, నీరు నిండేకొద్దీ పైకి లేచి నీళ్ళు వచ్చే దారిని మూసేస్తుంది. అలాగే పెరిగిన కార్టిసాల్ తిరిగి మెదడుకు చేరి, హిప్పోక్యాంపస్ అనే భాగంలోనూ మరికొన్ని చోట్లా తన కోసం ఉన్న గ్రాహకాలకు, అంటే తనను పట్టుకునే చోట్లకు, అంటుకుని, ‘ఇక చాలు’ అన్న సంకేతం ఇస్తుంది. గ్రాహకాలు తగినన్ని ఉంటే ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది, తక్కువగా ఉంటే బంతి ఆలస్యంగా లేస్తుంది.

ఈ బంతి అమరిక పసితనంలోనే జరుగుతుందని మొదట ఎలుకల్లో స్పష్టంగా చూపించినది కెనడాలోని మాంట్రియల్‌లో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మైకేల్ మీనీ బృందం. పుట్టిన మొదటి వారంలో తల్లి ఎలుక పిల్లల్ని ఎక్కువగా నాకి, నిమిరితే ఆ పిల్లలు పెద్దయ్యాక వాటి హిప్పోక్యాంపస్‌లో ఆ గ్రాహకాలు ఎక్కువగా ఉన్నాయని, ఒత్తిడి హార్మోన్లు అదుపులో ఉన్నాయని వారు 1997లో ప్రకటించారు. 2004లో ఇంకో అడుగు ముందుకు వేశారు. తక్కువగా నాకే తల్లికి పుట్టిన పిల్లల్ని ఎక్కువగా నాకే తల్లి దగ్గర పెంచితే, వాటి గ్రాహకాల జన్యువు మీది రసాయన గుర్తులు పెంచిన తల్లి తీరులోకే వచ్చాయి. మీ మూడో ప్రశ్నకు వచ్చినప్పుడు ఈ ప్రయోగం మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

మనుషుల్లో ఇలాంటి ప్రయోగం చేయలేం, చేయకూడదు. అయితే ఒత్తిడిని కొలిచే ఒక పద్ధతి 1993 నుంచి వాడుకలో ఉంది. ముఖంలో ఏ భావమూ చూపించని కొందరు పరీక్షకుల ముందు నిలబడి ప్రసంగించాలి, ఆ వెంటనే కాగితం లేకుండా లెక్కలు చేయాలి. మీ మేనేజరు కేబిన్‌కు ఇది చాలా దగ్గరి పోలిక. 2000లో క్రిస్టీన్ హైమ్, సహచరులు 49 మంది మహిళలకు ఇలాంటి పరీక్ష పెట్టినప్పుడు, బాల్యంలో హింసకు గురై ప్రస్తుతం డిప్రెషన్‌తో ఉన్నవారిలో పిట్యూటరీ హార్మోను స్పందన మామూలు వారికంటే 6 రెట్లకు పైగా కనిపించింది. బాల్యంలో హింస అనుభవించి ఇప్పుడు డిప్రెషన్ లేనివారిలో కూడా అది పెరిగే ఉంది. అంటే మనసు తేరుకున్నా ఒళ్ళు పాత లెక్కనే పాటిస్తూ ఉండవచ్చు.

నా దగ్గరకు వచ్చిన ఒక స్కూలు టీచరు సంగతి, ఎవరో పోల్చుకోలేనంతగా వివరాలు మార్చి చెబుతాను. ఆమెకు అప్పుడు 41 ఏళ్ళు. ‘నాన్న సందు మలుపు తిరగగానే చెప్పుల చప్పుడు వినేదాన్ని. రెండు చెప్పులూ ఒకే తీరుగా పడితే ఆ రోజు తాగలేదని అర్థం. ఒకటి ఈడుస్తున్నట్టు వినిపిస్తే తమ్ముణ్ణి ఎత్తుకుని పెరట్లో నీళ్ళ తొట్టి వెనక్కి పోయేదాన్ని’ అని చెప్పారు. ఆమె భర్త గొంతు పెంచి మాట్లాడని మనిషి. అయినా ఆయన రోజూ సాయంత్రం స్కూటరుకు స్టాండు వేసిన చప్పుడు వినగానే చేతిలో గరిటె ఆగిపోయేది, వీపు బిగుసుకుపోయేది, ఆయన లోపలికి వచ్చి చెప్పులు విప్పేదాకా ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. ‘ఆయనకు తెలిస్తే బాధపడతారు, నన్ను చూసి భయపడుతున్నావా అంటారు’ అని 15 ఏళ్ళు దాచిపెట్టారు.

ఆ చిన్నపిల్ల చెవి పొరబడలేదు, ఆ చెవి వల్లనే తమ్ముడికి దెబ్బలు తప్పాయి. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త సెత్ పొలాక్ చేసిన అధ్యయనాల్లో కూడా ఇదే కనిపించింది. మసకగా ఉన్న ముఖాల ఫొటోలను మెల్లమెల్లగా స్పష్టం చేస్తూ చూపిస్తే, దెబ్బలు తిని పెరిగిన పిల్లలు మిగతా పిల్లలకంటే ముందుగానే, ముఖం ఇంకా మసకగా ఉండగానే కోపాన్ని గుర్తుపట్టారు. ఇది నేర్పు. అయితే ఈ నేర్పును ఎప్పుడు పక్కన పెట్టవచ్చో శరీరానికి ఎవరూ చెప్పలేదు.

అందరిలోనూ స్పందన పెరగదు, కొందరిలో అది మొద్దుబారుతుంది. చాలా వ్యాసాలు ఈ సగాన్ని వదిలేస్తాయి. చిన్నప్పటినుంచి ఇటుకబట్టీల్లో పనిచేసి, తర్వాత మేస్త్రీగా ఎదిగిన ఒకాయన్ను భార్య తీసుకొచ్చారు. ‘అత్త పోయినా కంట నీరు రాలేదు, పిల్లాడు బండి మీదనుంచి పడ్డాడన్నా కదలడు, ఒట్టి బండరాయండీ’ అన్నారు ఆవిడ. ఆయనకు ఏ దడా లేదు, ఉన్నదల్లా తీరని అలసట, ఒళ్ళునొప్పులు, ఏ పనిలోనూ రుచి లేకపోవడం. రుమేనియాలో చౌషెస్కు ప్రభుత్వం 1989లో కూలాక బయటపడిన అనాథాశ్రమాల పిల్లల్లో ఇదే ధోరణిని కొలిచి చూశారు. బుకారెస్ట్‌లో అలాంటి 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు ఇచ్చి, ఏళ్ళ తరబడి పరిశీలించారు. 12 ఏళ్ళ వయసులో ఒత్తిడి పరీక్ష పెడితే, సంస్థల్లో మిగిలిన పిల్లల్లో కార్టిసాల్ స్పందనా గుండె స్పందనా మందకొడిగా ఉన్నాయి. పెంపుడు ఇళ్ళకు వెళ్ళినవారిలో, ముఖ్యంగా రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవారిలో, అవి మామూలు పిల్లల స్థాయికి దగ్గరగా ఉన్నాయి. ఆ మేస్త్రీ గారు రాయి కాదని ఆయన భార్యకు అర్థం చేయించడానికి నాకు మూడు సార్లు కూర్చోవలసి వచ్చింది. అరుపుకు అరుపు బదులిస్తే దెబ్బలు పెరిగే చోట, ఏమీ అనిపించకుండా ఉండటమే ఒళ్ళు ఎంచుకున్న రక్షణ.

పస్తుల గురించి కూడా మీరు రాశారు కాబట్టి ఒక మాట. ఆకలి కూడా శరీరాన్ని మలిచే కష్టమే. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళలో 1987 నుంచి 1990 వరకు గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ కొన్ని ఊళ్ళలో అదనపు పౌష్టికాహారం అందింది, మిగతావాటిలో అప్పటికి అందలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక మళ్ళీ వెళ్ళి కొలిస్తే, ఆహారం అందిన ఊళ్ళవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉండటమే కాక, ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మృదుత్వం కూడా వారిలో మెరుగ్గా ఉన్నాయి. మీకు ఇప్పుడు షుగరూ బీపీ లేకపోయినా, ఏటా ఒకసారి చూపించుకోమని నేను అడిగేది ఇందుకే. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని పెద్దయ్యేదాకా పరిశీలిస్తే, బాల్యంలో హింసకు గురైనవారికి 32 ఏళ్ళ వయసులో శరీరంలోని వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ రక్తంలో ఎక్కువగా కనిపించింది. గుండెజబ్బుల ముప్పును అంచనా వేయడానికి వాడే గుర్తుల్లో అదొకటి.

ఇక జాగ్రత్తలు. అంతర్జాలంలో బాల్యంలో పడిన కష్టాలను లెక్కగట్టే 10 ప్రశ్నల ‘ఏస్’ స్కోరు ఒకటి తిరుగుతూ ఉంటుంది, మీరు ఇప్పటికే వేసుకుని ఉంటారు. దాని మూలం అమెరికాలోని శాన్‌డియాగోలో 1995–97 మధ్య 17,000 మందికి పైగా చేసిన అధ్యయనం. విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా 1998లో వెలువరించిన మొదటి వ్యాసం ప్రకారం, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల కష్టాలు అనుభవించినవారిలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటివి 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. చాలా విలువైన పని అది. కానీ ఆ లెక్క జనసమూహానికి వర్తించేది, ఒక్కో మనిషి జాతకం చెప్పేది కాదు. ఈ మాటను ఆండా గారే 2020లో స్వయంగా రాశారు. ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో ఒకరికి అండగా అమ్మమ్మ ఉండి ఉండవచ్చు, ఇంకొకరికి ఎవరూ లేకపోవచ్చు. ఆ తేడా స్కోరులో కనిపించదు. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు పరిశీలించిన ఎమీ వెర్నర్, తీవ్రమైన కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు మంది స్థిరంగా, బాధ్యతగల పెద్దలుగా ఎదిగారని గమనించారు. వారిలో చాలామందికి నమ్మదగిన పెద్దదిక్కు ఒక్కరైనా ఉన్నారు.

ఇంకో జాగ్రత్త, అన్నింటినీ చిన్నతనం ఖాతాలో వేయకండి. తన దడంతా హాస్టల్లో పడిన బాధల వల్లనే అని గట్టిగా నమ్మిన ఒకమ్మాయి ఉండేది. బరువు తగ్గుతోందని, చేతులు వణుకుతున్నాయని గమనించి పరీక్ష చేయిస్తే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. మీ విషయంలో ఆ పరీక్ష అయిపోయింది, మంచిదే. హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకోండి. ఇక ‘స్ట్రెస్ ప్యాకేజీ’ పేరుతో ల్యాబులు అమ్మే కార్టిసాల్ పరీక్షకు డబ్బు పెట్టకండి. కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అతి తక్కువగా ఉండి, తెల్లవారుజాము నుంచి పెరుగుతూ, లేచాక ముప్పావుగంట లోపు శిఖరానికి చేరుతుంది. ఒక్క గొట్టం రక్తంతో మీ బాల్యం గురించి ఏమీ తెలియదు. ఆ పరీక్ష కుషింగ్, అడిసన్ వంటి గ్రంథి జబ్బుల కోసం ఉద్దేశించినది. ‘అడ్రినల్ ఫెటీగ్’ అన్న పేరుతో ఎవరైనా మందులు అమ్మితే, అలాంటి జబ్బును హార్మోన్ల వైద్యశాస్త్రం గుర్తించలేదని తెలుసుకోండి.

తెల్లవారుజామున మెలకువ వచ్చి నిద్ర పట్టకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది డిప్రెషన్‌కు కూడా ఒక లక్షణం. దానితోపాటు ఆకలి తగ్గడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే వెంటనే సైకియాట్రిస్టును కలవండి. రాత్రివేళ అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మార్పు ఎలా వస్తుందన్నది మీ రెండో ప్రశ్న. ముందు ఆ సామెత సంగతి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మేగన్ గన్నర్ బృందం, అనాథాశ్రమాల నుంచి దత్తత వచ్చిన పిల్లల మొద్దుబారిన కార్టిసాల్ స్పందన యుక్తవయసు వచ్చేకొద్దీ మామూలు స్థాయికి చేరుతోందని 2019లో చూపించింది. మంచి ఇంట్లో కుదురుకున్నాక ఒళ్ళు తన లెక్కను మళ్ళీ సరిచేసుకోగలదన్న మాట. మీకు ఆ వయసు దాటిపోయింది నిజమే, కానీ నా అనుభవంలో 50 దాటినవారిలో కూడా మార్పు చూశాను. అది నెమ్మదిగా వస్తుంది, తిథి పెట్టుకుని రాదు.

ఆ టీచరు గారితో మేము చేసిన పని చెబుతాను, ఎందుకంటే మీకు చెప్పేదీ దాదాపు అదే. ముందు ఆమె భర్తకు విషయం చెప్పారు. ఆయన నిజంగానే బాధపడ్డారు, తర్వాత ఆయనే ఒక ఉపాయం ఆలోచించారు: గేటు దగ్గరే ఆగి ‘నేనొచ్చాను’ అని పిలిచి, జవాబు విన్నాకే లోపలికి రావడం. ఆమె చేయవలసింది స్టవ్ కట్టేసి, రెండు పాదాలూ నేలకు ఆనించి, ఊపిరి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలడం, నిమిషానికి ఆరేడు శ్వాసలు, అంతే. ‘భయపడకు’ అని ఒంటికి నచ్చజెప్పవద్దన్నాను. దడ ఎంతసేపు ఉందో మాత్రం ఒక నోటుబుక్కులో నిమిషాల్లో రాయమన్నాను. దీనికి తోడు వారానికొకసారి సైకాలజిస్టు దగ్గర, గాయపడిన జ్ఞాపకాల మీద పనిచేసే సీబీటీ అనే మాటల చికిత్స, రోజూ చెమట పట్టేంత నడక. నడకలో గుండె వేగంగా కొట్టుకుంటుంది, అయినా ఏ ప్రమాదమూ రాదు. దడకూ ఆపదకూ మధ్య పడిన ముడి అలా వదులవుతుంది. నోటుబుక్కులో మొదటి నెల 40, 35 అని ఉన్న అంకెలు నాలుగో నెలకు 10 దగ్గరకు వచ్చాయి. మధ్యలో వాళ్ళ నాన్నగారి సంవత్సరీకం వచ్చినప్పుడు మళ్ళీ 40కి పోయాయి, పది రోజుల్లో తగ్గాయి. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం ఆమె పేపర్లు దిద్దుకుంటూ ఉంటే భర్త ఎదురుగా వచ్చి నిలబడ్డారట. గేటు దగ్గర పిలుపుకు తాను ‘ఆ’ అని బదులిచ్చిన సంగతే ఆమెకు గుర్తులేదు. ‘ఎప్పుడొచ్చారు?’ అని అడిగారట.

కొందరికి మందులు కూడా అవసరమవుతాయి, డిప్రెషన్‌కూ ఆందోళనకూ ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలు నేనూ రాస్తాను, వాటిలో తప్పేమీ లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రాజోలమ్ అనే ఆందోళన మాత్ర వద్దు. ఆ పూటకు దడ తగ్గుతుంది గానీ ఒంటికి కొత్త పాఠం అందదు, పైగా కొన్ని వారాల్లోనే అది లేనిదే నిద్ర పట్టని స్థితి వస్తుంది. ఇప్పటికే రోజూ వాడుతుంటే ఒక్కసారిగా మానకండి, డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి.

ఇక పిల్లలు. తల్లిదండ్రుల గాయం రక్తంలోంచి పిల్లలకు దిగుతుందని ఈ మధ్య చాలామంది తేల్చి చెప్పేస్తున్నారు, మనుషుల విషయంలో అంత గట్టిగా చెప్పడానికి తగిన ఆధారం లేదు. కొంత సున్నితత్వం వంశపారంపర్యంగా రావచ్చు. కానీ మాంట్రియల్ ఎలుకపిల్లల్ని గుర్తు తెచ్చుకోండి, వాటి ఒత్తిడి లెక్కను నిర్ణయించింది కన్న తల్లి తీరు కాదు, పెంచిన తల్లి తీరు. మీ పిల్లలకు ప్రతి రాత్రీ అందుతున్నది మీరు, మీ నాన్నగారు కాదు.

అయితే తలుపు చప్పుడుకు నాన్న ముఖం పాలిపోవడం పిల్లలు తప్పకుండా గమనిస్తారు. కారణం తెలియకపోతే తమ తప్పేదో ఉందనుకుంటారు. ఈసారి అలా జరిగినప్పుడు, కొంచెం కుదుటపడ్డాక, వాళ్ళ పక్కన కూర్చుని ‘నాన్నకు చిన్నప్పటినుంచి గట్టి చప్పుళ్ళంటే భయం, ఇప్పుడు తగ్గిపోయింది, నువ్వేం చేయలేదు’ అని చెప్పండి, అంతకుమించి వివరాలు వాళ్ళ వయసుకు అక్కర్లేదు. ఎప్పుడైనా చిరాకులో వాళ్ళ మీద అరిస్తే, పడుకునేలోపు దగ్గరకు తీసుకుని పొరపాటు నాదే అని చెప్పండి. చిన్నప్పుడు మీ ఇంట్లో మీరు వినని మాట అది.

మీ భార్యకు ఈ సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే ఆమెకు చెప్పడం నుంచే మొదలుపెట్టండి. రెండు వారాలు నోటుబుక్కులో చప్పుడు, సమయం, దడ తగ్గడానికి పట్టిన నిమిషాలు రాసి, అది చేతిలో పెట్టుకుని మీ ఊరికి దగ్గర్లోని సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. నార్మల్ రిపోర్టుల ఫైలుకంటే వారికి ఆ రెండు పేజీలు ఎక్కువ ఉపయోగపడతాయి.